మొదటి బేలు నిప్పు

అగ్గిపుల్లతో సిగారు ముట్టించడం తప్పేమీ కాదు. పుల్ల గీసీ గీయగానే ముట్టించడం మాత్రం అనాగరికం అని విఠల్‌రావు అభిప్రాయం. పుల్ల తలకున్న మందు పూర్తిగా కాలిపోవాలి. మంట కర్రలోకి దిగాలి. అప్పుడు దానిని సిగారు కొనకు తాకీ తాకనట్టు పట్టుకుని, సిగారును వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ, అంచంతా సమంగా ఎర్రబడేవరకు ఓపిక పట్టాలి. తొందరపడినవాడికి మొదటి దమ్ములోనే గంధకం గొంతుకు కొడుతుంది. పెట్రోలు లైటరైతే ఆ కంపు చివరిదాకా వదలదు. గ్యాసు లైటరుకు వాసన లేదు, మర్యాదా లేదు. వంటింటి పొయ్యి వెలిగించే వస్తువును సభలో జేబులోంచి తీయడం ఆయనకు సమ్మతం కాదు. అన్నింటికన్నా శ్రేష్ఠమైనది దేవదారు చెక్క పీలిక. ముందు దానిని వెలిగించి, దాని మంటతో సిగారును వెలిగించాలి. ఆ పీలిక కూడా సిగారుతోపాటే వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకుని, ఇప్పుడు ఓడలలో ఉద్యోగం చేస్తున్న సామ్సన్ అనే శిష్యుడు తెచ్చి, పాదాల దగ్గర పెట్టి వెళ్ళాడు.

ఎమ్మిగనూరులో తన ఇంటి ముందుగదిలో, ఇస్త్రీ చేసిన గుడ్డ మీద ఈ సామగ్రి అంతా పరచుకుని ఆయన కూర్చున్నాడు. భార్య సరస్వతీబాయి తులసికి నీళ్ళు పోసి లోపలికి వస్తూ చూసింది.

"నా దేవర దీపం ఒక్కదాన్ని వదిలిపెట్టండి, మీకు పుణ్యముంటుంది," అంది.

అటువంటి ఆలోచన తనకు రాలేదని ఆయన గంభీరంగా చెప్పాడు.

"కాల్చి యాభై ఏళ్ళాయెనేమో. కాల్చేదెప్పుడో తెలీదు గానీ, దేంతో అంటించాల అని మాత్రం వారం నుంచి ఇదే పరీక్ష."

ఎప్పుడో ఆయనకు బాగా తెలుసు. రేపు. ఆదోనిలో, దామోదరం శెట్టి కళ్ళెదుట.

వయసులో ఉన్నప్పుడు విఠల్‌రావు ఆదోనిలో ఆ శెట్టి జిన్నింగు మిల్లుకు మేనేజరు. పౌరోహిత్యమూ, పంతులు ఉద్యోగమూ తప్ప ఇంకొకటి ఎరగని వంశంలో పుట్టి, బి.ఎ. చదివి, దూది వ్యాపారంలోకి వెళ్ళిన మొదటివాడు. ప్రెస్సు యంత్రం బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన చుట్ట కాల్చడం నేర్పి పోయాడు. ఇంట్లో అది నిషిద్ధం, మిల్లులోనూ నిషిద్ధమే. ఆ నిషేధం పెట్టినది విఠల్‌రావే. దూది ఉన్నచోటికి నిప్పు రాకూడదు. యజమాని అయినా, హమాలీ అయినా అగ్గిపెట్టెను గేటు దగ్గర గూట్లో పెట్టి లోపలికి రావాలి. చుట్ట కాల్చాలంటే గేటు దాటి రోడ్డు అవతలి ఖాళీ బీట్లోకి పోవాలి. ఆయన కూడా అంతే చేసేవాడు. దూదితో మసలేవారికి మాత్రమే తెలిసిన ఇంకొక నియమాన్నీ ఆయన అమలు చేశాడు. పత్తిలో వచ్చిన రాయో ఇనుపముక్కో గింజలు వేరుచేసే జిన్నులో పడి రవ్వలు లేస్తే, ఆ పూట ప్రెస్సులో అదిమి, ఇనుప పట్టీలతో కట్టిన దూది బేళ్ళను గోదాములోకి చేర్చకూడదు. ఆరుబయట ఎడంగా ఉంచి, రోజూ ఉదయం చేత్తో తాకి చూడాలి. ఒక్క రవ్వ దూదిలో చిక్కుకుని బేలు నడుమకు చేరిందంటే, మొదట్లో పొగైనా బయటికి రానీయకుండా లోపల్లోపలే రాజుకుంటుంది. ఎప్పుడో కట్లు సడలి గాలి తగిలిన క్షణాన భగ్గుమంటుంది.

ఒక సీజనులో జిన్నులో రాయి పడింది, రవ్వలు లేచాయి. బేళ్ళను ఎడంగా పెట్టాలని విఠల్‌రావు శెట్టికి చెప్పాడు. స్టేషనులో వ్యాగన్లు సిద్ధంగా ఉన్నాయి, మిగతా సరుకుతో కలిపి పంపాలి, గోదాములోకి తోయించమన్నాడు శెట్టి. ఆ వారంలోనే గోదాము తగలబడింది. విచారణకు వచ్చిన అధికారుల ముందు శెట్టి నిట్టూర్చి, మా మేనేజరుకు చుట్ట అలవాటుందని ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. విఠల్‌రావు ఉద్యోగం పోయింది. ఆదోనిలో ఏ మిల్లూ ఆయనను గడప తొక్కనివ్వలేదు. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పుకుని బతికాడు. పేరు మాత్రం ఆయనకన్నా ముందే బస్సెక్కి ఆ ఊరు చేరింది. వెనక బెంచీలవాళ్ళు ఆయనను అగ్గిరావు అన్నారు. వాళ్ళ పిల్లలూ అదే అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన చుట్ట ముట్టలేదు. నిజం ఆ శెట్టి నోటనే పదిమందిలో వినాలి, ఆ తరువాతే పొగ తాగాలి అని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు సంగతి సరస్వతీబాయికి కూడా చెప్పలేదు.

పోయిన వారం శెట్టి మనుమరాలు ప్రియదర్శిని కారులో వచ్చింది. చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. మిల్లు ఇప్పుడు ఆమె చేతి కిందే ఉంది. కొత్త యంత్రాలు పెట్టామని, సీజను మొదటి బేలు పూజ పెద్ద ఎత్తున చేస్తున్నామని, పాత మేనేజరుగారికి శాలువా కప్పాలని తన కోరిక అని చెప్పింది. కాఫీ తాగుతూ, "తాత మీ చుట్ట కథ ఇప్పటికీ చెప్తాడు సార్. పెళ్ళిళ్ళలో అందరూ అడిగి మరీ చెప్పించుకుంటారు," అని నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదు. అదే విఠల్‌రావు గుండెలో గుచ్చుకుంది. నిందగా మొదలైనది హాస్యకథ అయింది. ఇక దానిని నిజం కాదనేవాడు కూడా మిగలడు. ఆయన లేచి నిలబడి, తప్పక వస్తానని చెప్పాడు.

శెట్టి ఎదురుగా సిగారు తీసి, చెప్పవలసినది చెప్పి, బీట్లోకి నడిచి ముట్టించాలి. ఆయన పథకం అంతవరకే. శెట్టి చేత ఆ మాట ఎట్లా చెప్పించాలో మాత్రం తెల్లవారినా తోచలేదు. పీలికను, అగ్గిపెట్టెను, సిగారును కోటు జేబులో వేసుకుని బస్సెక్కాడు.

ఆదోని మార్కెట్ యార్డు ముందు పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆటో దిగి మిల్లు గేటు దగ్గరకు పోయేసరికి అక్కడ గూడూ లేదు, అడిగేవాడూ లేడు. గోవిందు అనే కాపలాదారుడు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. విఠల్‌రావు జేబులోంచి అగ్గిపెట్టె తీసి వాడి చేతిలో పెట్టాడు.

"ఎందుకు సార్ ఇది?" అన్నాడు గోవిందు.

"లోపలికి నిప్పు తీసుకుపోకూడదు. తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుంటాను. భద్రంగా ఉంచు."

"ఇప్పుడు ఎవురూ అడగరు సార్. నిన్న మొదటి బేలు కొట్టేటప్పుడే రాయి పడి జిన్నులో రవ్వలు లేసినాయంట. ముహూర్తం దాటిపోతాదని ఆపకుండ కొట్టినారు. ఏమయింది? ఏం కాలేదు."

విఠల్‌రావు వాడి తల మీదుగా జిన్ను షెడ్డు వైపు చూశాడు. తరువాత కోటు సర్దుకుని షామియానా వైపు నడిచాడు.

వేదిక మీద ఆయనకు చివరి కుర్చీ వేశారు. ఆ పక్కనే మొదటి బేలు నిలబెట్టి ఉంది. సభకు కనిపించే వైపున బంతిపూల దండలు, కుంకుమబొట్టు, పసుపు పూసిన అరచేతి ముద్ర. మొదటి బేలు మీద యజమాని పసుపు చెయ్యి అద్దడం ఆ మిల్లు ఆచారం. ఈ ఏడు ఆ చెయ్యి ప్రియదర్శినిది. దామోదరం శెట్టి చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. నోరు మాత్రం నెరవలేదు.

"ఏం రావప్పా, ఇంగా ఉండావా?" అన్నాడు.

"మీ ఆశీర్వాదం," అన్నాడు విఠల్‌రావు.

కూర్చున్న కాసేపటికి ఆయనకు వాసన తగిలింది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ కమిలితే వచ్చేంత సన్నని వాసన. ఊదువత్తుల పొగలో అది ఇంకెవరికీ అందేది కాదు. ఆయన తల తిప్పకుండా కన్ను మాత్రం తిప్పి చూశాడు. సభవైపు దండలు నిగనిగలాడుతున్నాయి. తన వైపు, బేలుకు ఆనుకున్న పూలు మాత్రం వాడి, అంచులు గోధుమరంగుకు తిరిగాయి. షామియానా నీడలో ఎండ పడే వీలు లేదు. కోటు సర్దుకుంటున్నట్టు చెయ్యి వెనక్కి చాపి బేలును తాకాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉంది.

పూజ కాగానే ఈ బేలును గోదాములోకి తోస్తారు. సీజను మొదలైన దగ్గర నుంచి కొన్న పత్తి, పాత సరుకు, అంతా అక్కడే. విఠల్‌రావు చేయవలసినదేమీ లేదు. టీ తాగి, నమస్కారం పెట్టి, బస్సెక్కితే చాలు. ఆ ఆలోచనను ఆయన వెంటనే తోసివేయలేదు. నాలుక మీద పెట్టుకుని కాసేపు చప్పరించాడు. గోదాము పక్కన రేకుల షెడ్లలో కాపురముండే కూలీలు ఆయనకు ముందుగా గుర్తుకొచ్చారని చెప్పగలిగితే బాగుండేది. వాళ్ళు తరువాత గుర్తుకొచ్చారు. ముందు గుర్తుకొచ్చినది తన జేబులోని సిగారు. అగ్గిరావు వచ్చిపోయిన రోజునే మిల్లు తగలబడితే ఆదోని ఏమంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా మిల్లు కాలితే శెట్టికి నష్టం కలుగుతుంది, అంతే. శెట్టి నోరు మాత్రం తెరుచుకోదు. తనకు కావలసింది ఆ నోరు.

ఇంతలో శెట్టి మైకు తెప్పించుకున్నాడు. వ్యాపారులందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. ఆయన పాత రోజులన్నీ నెమరు వేసి, చివరకు అందరూ ఎదురుచూస్తున్న చోటికి వచ్చాడు.

"మా రావు శానా పెద్ద సదువు సదివినోడు. ఆయప్ప ఇంగ్లీషులో సుట్ట ముట్టించినాడు, నా గోదాము తెలుగులో కాలిపోయింది."

షామియానా అంతా నవ్వింది. ప్రియదర్శిని కూడా నవ్వి, శాలువా కప్పి, నాలుగు మాటలు మాట్లాడమని విఠల్‌రావును కోరింది. ఆయన లేచాడు.

సన్మానానికి కృతజ్ఞతలు చెప్పాడు. ఆచారం ప్రకారం మొదటి బేలు మీద పసుపు చెయ్యి అద్దవలసినది ఇంటి పెద్ద అని, దామోదరం శెట్టిగారు మనమధ్య ఉండగా ఆ ముచ్చట లోటు పడడం తనకు బాధగా ఉందని అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. శెట్టి మొహం వెలిగింది. కుర్చీని తోసుకొచ్చారు. పళ్ళెంలో పసుపు కలిపి ఇచ్చారు. ముందువైపు మనుమరాలి ముద్ర ఉంది కనుక పెద్దాయన ముద్ర ఇటువైపు వేస్తే అందం అని విఠల్‌రావు తానే కుర్చీని బేలు వెనుక పక్కకు తిప్పాడు.

శెట్టి నవ్వుతూ అరచెయ్యి అద్దాడు. నవ్వు అలాగే ఉంది, దాని వెనుక మనిషి మారిపోయాడు. చెయ్యి తీయలేదు. ఇంకొంచెం గట్టిగా అదిమి చూశాడు. తరువాత కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. ఆయన కూడా దూదిలోనే పుట్టి పెరిగినవాడు. ఆ వెచ్చదనం ఏమిటో ఎవరూ చెప్పవలసిన పని లేదు.

"రావప్పా," అన్నాడు చిన్నగా.

"అవును శెట్టిగారూ," అన్నాడు విఠల్‌రావు, మైకు పక్కకు పెట్టకుండా. "చుట్ట నా జేబులో ఉంది. అగ్గిపెట్టె గేటు దగ్గర గోవిందు చేతిలో ఉంది. మరి ఈ బేలులోకి వేడి ఎట్లా వచ్చింది?"

విఠల్‌రావు సూపర్‌వైజరును పిలిచాడు. ఆ గొంతు విని కళ్యాణ్ అనే ఆ కుర్రవాడు ఎవరు ఏమిటని అడగకుండా వచ్చి నిలబడ్డాడు. కట్లకు చెయ్యి తగలనీయవద్దని, ఉన్నది ఉన్నట్టు బండి మీదకు ఎక్కించి గేటు బయట బీట్లోకి తీసుకుపోవాలని, నీళ్ళ గొట్టం, ఇసుక బకెట్లు సిద్ధం చేయాలని ఆయన వరుసగా చెప్పాడు. అన్నీ అట్లాగే జరిగాయి. సభ అంతా బేలు వెనుక ఊరేగింపులా గేటు దాటింది. శెట్టి కుర్చీని ప్రియదర్శిని తోసుకొచ్చింది.

బీట్లో బేలును దించారు. కళ్యాణ్ కట్లు కోసే కత్తెర పట్టుకుని ఆయన వైపు చూశాడు. విఠల్‌రావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు శెట్టిగారు మాట్లాడతారు."

బేలు పక్కనుంచి సన్నగా పొగ లేచింది. శెట్టి కళ్ళు ఆ పొగ మీదే ఉన్నాయి. ముఖమంతా చెమట పట్టింది.

"కొయ్యమను రావప్పా. కాలిపోతాది."

"కాలనివ్వండి. ఈసారి నా చుట్ట వల్ల కాదని అందరూ చూస్తున్నారు. ఆసారి ఎవరి వల్లనో చెప్పండి."

శెట్టి మనుమరాలి వైపు చూశాడు, పొగ వైపు చూశాడు. "రావు సుట్ట గాదు," అన్నాడు.

"కొంచెం గట్టిగా చెప్పాలి. వెనుక ఉన్నవారికి వినిపించలేదు."

"సుట్ట గాదప్పా." శెట్టి గొంతు పెంచాడు. "ఆ పొద్దు జిన్నులో రాయి పడింది. బేళ్ళు ఎడంగా పెట్టమని రావు సెప్పినాడు. వ్యాగన్లు వచ్చిండాయి, లోపలికి తోయమని నేనే సెప్పినా. నా తప్పంటే మిల్లు మూయిస్తారని ఆయప్ప మీదికి నెట్టినా. సాలా?"

"చాలు," అన్నాడు విఠల్‌రావు. కళ్యాణ్‌కు తల ఊపాడు.

ఒకవైపు నీళ్ళు పడుతుండగా ఇనుప పట్టీలు ఒక్కొక్కటే తెగి పక్కకు ఎగిరాయి. బేలు విచ్చుకుంది. తెల్లని దూది నడుమ గుమ్మడికాయంత నల్లని గూడు. దాని గోడలంతా ఎర్రగా పాకుతున్న నిప్పు. తాత కుర్చీ పట్టుకునే ప్రియదర్శిని విఠల్‌రావు వైపు తిరిగింది.

"ఇంకొంచెం ఆలస్యమైతే అంటుకునేదా సార్?"

"లేదమ్మా. కట్లు కోయనంతవరకు దానికి గాలి అందదు. సాయంత్రం దాకా ఆగినా ఏమీ అయ్యేది కాదు."

"మరి తాతకు ఆ సంగతి చెప్పలేదే?"

"ఆయన అడగలేదు."

ఆమె కుర్చీని పట్టుకున్న చెయ్యి తీసేసి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడింది. శెట్టి అది చూశాడు. ఆయన చూడడం విఠల్‌రావు చూశాడు.

అప్పుడు ఆయన సిగారు బయటికి తీశాడు. దేవదారు పీలిక కూడా చేతికి తగిలింది. దానిని మళ్ళీ జేబులోనే వేశాడు. కళ్యాణ్ దగ్గర పట్టకారు తీసుకుని, రాజుకుంటున్న దూది ముద్ద ఒకటి పట్టి, ఆ పట్టకారును శెట్టి చేతికి అందించాడు.

"మీ బేలు, మీ నిప్పు. మీరే పట్టాలి."

పసుపు ఆరని చేత్తో శెట్టి పట్టాడు. విఠల్‌రావు వంగి, తాకీ తాకనట్టు సిగారును నిప్పుకు చేర్చాడు. తొందరపడలేదు. వేళ్ళ మధ్య మెల్లగా తిప్పాడు. ఒక పక్క ఎర్రబడితే రెండో పక్కకు తిప్పి ఆగాడు. పట్టకారు బరువుకు శెట్టి చెయ్యి కిందికి జారింది. విఠల్‌రావు నిలబడి, అది మళ్ళీ పైకి లేచేవరకు ఎదురుచూశాడు. వ్యాపారులు, హమాలీలు, దూది ఏరే ఆడవాళ్ళు అందరూ చూస్తుండగా అంచంతా సమంగా అంటుకునేదాకా ఆ చేతిని అట్లాగే ఉంచాడు. తరువాత మొదటి దమ్ము లాగి, పొగను శెట్టి తల మీదుగా వదిలి, నమస్కారం పెట్టాడు.

గుంపు అడ్డంగా ఉండి గేటు దగ్గర నుంచి ఏమీ చూడలేకపోయిన గోవిందు అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాడు. నోట్లో సిగారు చూసి, "ఇది నా దగ్గరే ఉండె కదా సార్, మరి యాడ ముట్టించినారు?" అన్నాడు. గేటు దగ్గరికే సంగతి వస్తుందని, అది వినమని, విన్నది అడిగినవారందరికీ చెప్పమని విఠల్‌రావు అన్నాడు.

ఎమ్మిగనూరు చేరేసరికి చీకటి పడుతోంది. సరస్వతీబాయి వాకిట్లోనే ఆపి, కోటు వాసన చూసి ముక్కు మూసుకుంది. ఆయన జరిగినదంతా చెప్పాడు, ఒట్టు సంగతితో సహా. ఆమె అంతా విని, స్నానానికి నీళ్ళు తోడింది.

"ఇంతకూ ఎట్లా ఉండె, ఇన్నేళ్ళకు కాలిస్తే?" అని లోపలినుంచి అడిగింది.

"అధ్వానం. కాలిన దూది కంపు. పెట్రోలు లైటరే నయం," అన్నాడు విఠల్‌రావు, కోటు విప్పి మడత చెడకుండా తీగమీద ఆరవేస్తూ. "చివరిదాకా కాల్చాను."